ఒకే సాఫ్ట్‌వేర్, ముప్పై మూడు జిల్లాలు, రాసేవాళ్లెవరు?

2016 అక్టోబరు 11న, దసరా రోజు, తెలంగాణలో పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి, తర్వాత ముప్పై మూడయ్యాయి. కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల వేరుపడ్డాయి. ముసాయిదాలో సిరిసిల్ల పేరే లేదు. ధర్నాలు, బంద్‌లు జరిగాక చివరి జాబితాలోకి ఎక్కింది. కొత్త జిల్లా అంటే కలెక్టరు, ఎస్పీ, భవనం, బోర్డు అని అందరికీ తెలుసు. సొంత కలెక్టరేట్ భవనం సిరిసిల్లకు 2021 జూలైలోనూ జగిత్యాలకు 2022 డిసెంబరులోనూ వచ్చింది. వెబ్‌సైట్లు మాత్రం అంతకు ముందే తయారయ్యాయి. ఇరవై ఒక్క కొత్త జిల్లాలకు ఇరవై ఒక్క సైట్లు విడివిడిగా చేయించి ఉంటే, టెండర్లు పిలిచి, ఏజెన్సీలను పట్టుకుని, బిల్లులు పాస్ చేయించేసరికి ఏళ్లు పట్టేది. అలా చేయలేదు కాబట్టే పని అయింది.

చేసిందేమిటంటే, నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ తయారు చేసిన ఎస్3వాస్ అనే వేదిక మీద అన్ని జిల్లాలనూ ఎక్కించారు. సెక్యూర్, స్కేలబుల్, సుగమ్య వెబ్‌సైట్ యాజ్ ఎ సర్వీస్ అన్నది దాని పూర్తి పేరు. దేశమంతటా జిల్లా సైట్లు ఒకే పోలికతో కనిపించడానికి కారణం ఇదే. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 26 అయినప్పుడు కొత్త జిల్లాలను సైట్ల వరకు ఆదుకున్నదీ ఇదే. అదే ఏడాది జూన్ 2న తెలంగాణలో జ్యుడీషియల్ జిల్లాలు 33కు పెరిగాయి. జిల్లా కోర్టుల సైట్లకు కూడా తర్వాత ఈ వేదికే ఆధారమైంది. సరిహద్దులు మార్చడం మనకు అలవాటైన పని. మారిన ప్రతిసారీ సైటు మొదటి నుంచి కట్టనక్కర్లేకపోవడం చిన్న సుఖం కాదు.

ఒక సీఎంఎస్ (కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్) నుంచి చాలా సైట్లను నడపడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి. మొదటిది వర్డ్‌ప్రెస్‌లో ఉన్న మల్టీసైట్ పద్ధతి. 2010 జూన్‌లో వచ్చిన 3.0 వెర్షన్‌తో ఇది అసలు సాఫ్ట్‌వేర్‌లో కలిసింది. ఇన్‌స్టాలేషన్ ఒకటి, డేటాబేస్ ఒకటి. అందులో ప్రతి సైటుకూ ఒక అంకె వేసి టపాలూ పేజీలూ వేరే పట్టికల్లో దాస్తారు. లాగిన్ పేర్ల పట్టిక మాత్రం అన్నిటికీ ఉమ్మడి. పైన సూపర్ అడ్మిన్ ఒకరుంటారు. థీములు, ప్లగిన్లు ఆయన పెడితేనే ఉన్నట్టు. కింద సైటు అడ్మిన్లు తమ పేజీలు రాసుకుంటారు. అపార్టుమెంటు లాంటిదన్నమాట: నీళ్ల ట్యాంకు, లిఫ్టు, వాచ్‌మన్ అందరికీ ఒకటే, తాళాలు ఎవరివి వారివి. రెండోది డ్రూపల్ అనే మరో సీఎంఎస్‌లో ఎక్కువగా కనిపించేది, కోడ్ ఒకటే ఉంచి సైటుకో డేటాబేస్ ఇవ్వడం. ఒక సైటును విడదీసి వేరే సర్వర్‌కు తరలించాల్సి వస్తే ఇది కాస్త నయం. మూడోది కొత్తది. విషయమంతా ఒక గోదాములో ఉంటుంది. వెబ్‌సైటు, మొబైల్ యాప్, వాట్సాప్ ఎవరికి కావలసింది వారు అందులోంచి తీసుకుంటారు. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 161 సేవలతో వాట్సాప్‌లో మన మిత్ర మొదలుపెట్టింది. అలాంటివి పెరిగే కొద్దీ ఈ మూడో దారి అవసరం పెరుగుతుంది, ఎందుకంటే జనం సైటుకు రావడం మానేసి ఫోనులోనే అడగడం నేర్చుకుంటున్నారు.

ఇదంతా యంత్రాంగం. అసలు చిక్కు ఇక్కడ లేదు.

జగిత్యాల జిల్లా సైటు తెరవండి. జిల్లా గురించి, డైరెక్టరీ, విభాగాలు, పర్యాటకం, పత్రాలు, నోటీసులు, పౌర సేవలు, గ్యాలరీ అన్న వరుస కనిపిస్తుంది. సిరిసిల్ల సైటులోనూ దాదాపు అదే వరుస. పర్యాటకంలో ఒకచోట కొండగట్టు, ధర్మపురి ఉంటే మరోచోట వేములవాడ ఉంటుంది, అంతే తేడా. ఈ పోలిక నాకు నచ్చుతుంది. సిరిసిల్లలో టెండరు ఎక్కడుంటుందో తెలిసిన కాంట్రాక్టరు జగిత్యాల సైటులో దారి తప్పడు. నోటీసుల పేజీని కాస్త దగ్గరగా చూడండి. పేరు, వివరణ, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, ఫైలు అని ఐదు గడులున్న పట్టిక అది. గడువు దాటిన నోటీసు దానంతట అదే పాత నోటీసుల్లోకి జరిగిపోతుంది. ఎవరూ గుర్తుపెట్టుకుని తీసేయనక్కర్లేదు. ఒకప్పటి సైట్లలో నాలుగేళ్ల కిందటి అంగన్‌వాడీ ఉద్యోగ ప్రకటన పైన ‘కొత్తది’ అని మెరుస్తూ ఉండేది. ఆ బాధ పోయింది. మంచి సీఎంఎస్ అంటే ఇదే. మనిషి మరిచిపోతాడని ముందే ఊహించుకుని గడి కట్టిపెట్టడం.

అదే పేజీ అడుగుకు వెళితే ఇంకో తేదీ కనిపిస్తుంది, చివరిగా నవీకరించినది అంటూ. అది మీరు చదువుతున్న పేజీది కాదు, సైటు మొత్తానిది. నిన్న ఎవరో ఒక స్కాన్ కాపీ ఎక్కించారనుకోండి, జిల్లా చరిత్ర పేజీ కూడా నిన్ననే సరిచూసినట్టు కనిపిస్తుంది. డైరెక్టరీలో బదిలీ అయిపోయిన అధికారి పేరు ఉన్నా పైకి సైటు తాజాగానే ఉంటుంది. నోటీసుకు ముగింపు తేదీ పెట్టిన బుర్ర, మామూలు పేజీకి ‘మళ్లీ ఎప్పుడు చూడాలి’ అన్న గడి పెట్టి తప్పనిసరి చేసి ఉంటే ఎంత బాగుండేది! ప్రభుత్వ సైట్ల మార్గదర్శకాలు 2009లో మొదటిసారి వచ్చాయి, 2023లో మూడో కూర్పు వచ్చింది. విషయాన్ని ఎవరు ఇవ్వాలి, ఎవరు ఆమోదించాలి, ఎన్నాళ్లకోసారి సమీక్షించాలి అని విధానాలు ఉండాలని వాటిలో ఉంది. ఆ విధానాలు కూడా ఒక పేజీగా సైటులో కొలువుదీరి ఉంటాయి.

ఇక జగిత్యాల జిల్లాలోని కోరుట్ల సంగతి. కోరుట్ల జిల్లా కేంద్రం కాదు, కాబట్టి దానికి ఎస్3వాస్ మీద సొంత జిల్లా సైటు లేదు. ఆ ఊరి ప్రభుత్వ సమాచారం ముక్కలై నాలుగైదు చోట్ల ఉంది. రెవెన్యూ వ్యవహారాలు జగిత్యాల జిల్లా సైటులో. పన్నులు, కౌన్సిల్ తీర్మానాలు పురపాలక శాఖ కమిషనరేట్ రాష్ట్రంలోని పట్టణాలన్నిటికీ ఒకే అచ్చులో పోసి ఇచ్చిన మున్సిపాలిటీ సైట్లలో, ఊరి పేరు పక్కన మున్సిపాలిటీ అని చేర్చిన చిరునామాతో. ప్రభుత్వ డిగ్రీ కళాశాలల సైట్లు మూడో ఏర్పాటు. హైదరాబాదులోని సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్ ఒకే చిరునామా పెట్టి, గీత తర్వాత కళాశాల పేరు వచ్చేట్టు కట్టింది. ఊళ్లోని పశువైద్య కళాశాల సంగతి పి.వి. నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం చూసుకుంటుంది. విడివిడిగా చూస్తే ఒక్కొక్కటీ తెలివైన పనే. ప్రతి శాఖా తన పిల్లలందరినీ ఒక గొడుగు కిందికి తెచ్చుకుంది. కానీ గొడుగు గొడుగుతో మాట్లాడదు. కోరుట్ల మనిషికి కావలసింది శాఖ కాదు, పని. జనన ధ్రువపత్రానికి మున్సిపాలిటీ, కుల ధ్రువపత్రానికి తహసీల్దారు అని ఆయనకు ముందే తెలిసి ఉండాలని ఈ ఏర్పాటు అనుకుంటుంది. తెలిసినవాడు సైటుకు రాడు, నేరుగా మీసేవకే పోతాడు.

ఒక ఉదాహరణ దగ్గర కొంచెం ఆగుతాను, ఈ చర్చకు అది ప్రాణం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయిన ఇళ్లు ఎన్నో. అక్కడ చనిపోయిన కార్మికుడి కుటుంబానికి ఐదు లక్షల రూపాయల సాయం ఇచ్చేందుకు 2024 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చింది. దరఖాస్తు వెళ్లాల్సింది కలెక్టరుకు. ఇప్పుడు ఈ సమాచారం ఎక్కడ ఉండాలి? నియమం జగిత్యాలకైనా సిరిసిల్లకైనా నిజామాబాద్‌కైనా ఒక్కటే. ఎవరు అర్హులు, ఏ కాగితాలు జతచేయాలి అన్నది మారదు. మారేది ఒక్కటే: ఏ గదిలో ఏ అధికారిని కలవాలి, ఏ నంబరుకు ఫోన్ చేయాలి. అంటే పేజీలో పది వంతుల్లో తొమ్మిది వంతులు హైదరాబాదులో ఒకసారి రాసి 33 జిల్లాలకూ పంపాలి. మిగిలిన ఒక్క వంతు జిల్లాలో నింపాలి. నియమం మారితే ఒకచోట దిద్దాలి, అన్నిచోట్లా మారాలి. సాంకేతికంగా ఇది బ్రహ్మవిద్య కాదు. ఉమ్మడి పేజీలో రెండు ఖాళీ గడులు వదిలితే చాలు.

ఈ సైట్లన్నీ చూస్తే నాకు తోచింది ఇది: మనం రూపాన్ని ఉమ్మడి చేసుకున్నాం, భద్రతను ఉమ్మడి చేసుకున్నాం, విషయాన్ని చేసుకోలేదు. అచ్చు ఒకటే అయినా అందులో పోసేది ప్రతి జిల్లా మళ్లీ మొదటి నుంచి టైపు చేయాలి. సమాచార హక్కు చట్టం 2005లోని నాలుగో సెక్షన్ ప్రకారం ప్రతి కార్యాలయం పదిహేడు రకాల వివరాలు తనంతట తానే బయటపెట్టాలి. అందులో అధికారుల విధులు, అధికారాలు, పాటించే నిబంధనల వంటివి రాష్ట్రమంతటా సమానమే. ఒక శాఖ జిల్లా కార్యాలయం రాసినది ఇంకో జిల్లా కార్యాలయానికి అక్షరం మారకుండా పనికొస్తుంది. అయినా ఎవరికి వారే రాయిస్తారు, లేదా పక్క జిల్లా ఫైలు తెప్పించుకుని పేరు మార్చి ఎక్కిస్తారు. పేరు మార్చడం మరిచిపోతే ఇక చెప్పేదేముంది!

తెలుగు దగ్గరికి వస్తే కథ ఇంకా ముదురుతుంది. ఈ సైట్లకు తెలుగు రూపం ఉంది, పైన మీట నొక్కితే తెలుగులోకి మారుతుంది. అయితే ఇంగ్లీషు పేజీ, తెలుగు పేజీ సీఎంఎస్ లోపల రెండు వేరు పేజీలు. ఇంగ్లీషులో దిద్దినది తెలుగులోకి దానంతట అది రాదు. రెండుసార్లు చేయాల్సిన పనిని ఒకసారే చేస్తే ఆ ఒక్కసారి ఏ భాషలో జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. రెండో అడ్డంకి మన టైపింగ్. కార్యాలయాల్లోనూ డీటీపీ సెంటర్లలోనూ తెలుగు చాలావరకు యూనికోడ్ కాని అను ఫాంట్లలోనే కొడతారు, పేజ్‌మేకర్‌లోనే దిద్దుతారు. అచ్చుకు అది అందంగా ఉంటుంది. దాన్ని కాపీ చేసి సీఎంఎస్ పెట్టెలో అతికిస్తే తెలుగు పోయి ఇంగ్లీషు అక్షరాలు, ఆశ్చర్యార్థకాలు, బ్రాకెట్లు కలిసిన కలగూర మిగులుతుంది. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. కానీ వాటిలో వేశాక వత్తులు చెదురుతాయి, మళ్లీ కూర్చుని దిద్దాలి. సాయంత్రం ఐదున్నరకు అంత ఓపిక ఎవరికుంటుంది? ప్రింటు తీసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి, పీడీఎఫ్‌గా ఎక్కించేస్తారు.

అలా ఎక్కిన తెలుగు బొమ్మే గాని అక్షరం కాదు. ఫోనులో వెతికితే దొరకదు. చూపు లేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అది తెల్ల కాగితంతో సమానం. వేదిక పేరులోనే సుగమ్య అన్న మాట ఉంది. అక్షరం పెద్దది చేసే మీట, రంగు మార్చే మీట అన్నీ ఉన్నాయి. వాటిలో ఒక్కటీ స్కాన్ కాగితం మీద పనిచేయదు. సీఎంఎస్ ఎంత గొప్పదైనా లోపలికి వెళ్లేది బొమ్మ అయితే బయటికి వచ్చేది బొమ్మే. జిల్లా పౌర సంబంధాల కార్యాలయాల్లో యూనికోడ్ టైపింగ్ తప్పనిసరి చేయడం కొత్త సాఫ్ట్‌వేర్ కొనడం కంటే చవక, ఫలితం ఎక్కువ. పేర్లకూ ఇలాంటి గొడవే ఉంది. తెలుగులో కోరుట్ల ఒక్కటే. ఇంగ్లీషులో నియోజకవర్గానికి ఒక స్పెల్లింగు, మున్సిపాలిటీకి ఇంకో స్పెల్లింగు వాడతారు. ఊళ్ల పేర్లను టైపు చేయనివ్వకుండా ఒక ఉమ్మడి జాబితాలోంచి ఎంచుకోనిస్తే వెతుకులాట సగం తగ్గుతుంది.

బయటి దేశాల్లో దీన్ని రెండు విధాలుగా తేల్చుకున్నారు. బ్రిటన్ 2012 అక్టోబరులో గవ్ డాట్ యూకే తెచ్చి, శాఖల సైట్లను ఒక్కొక్కటిగా మూసి అందులో కలిపేసింది. 2014 చివరికి మూడు వందలకు పైగా సంస్థలు అందులోకి చేరాయి. అక్కడ చాలా సైట్లను ఒక సీఎంఎస్ నడపడం లేదు, ఒకే సైటు మిగిలింది. పాస్‌పోర్టుకు ఏ శాఖ అన్నది పౌరుడికి అనవసరం అని వారి పట్టుదల. ఆస్ట్రేలియా 2015లో గవ్‌సీఎంఎస్ పేరుతో డ్రూపల్ మీద ఉమ్మడి వేదిక కట్టి, సైట్లను మాత్రం శాఖల చేతిలోనే ఉంచింది. మన ఎస్3వాస్ రెండో దానికి దగ్గర. బ్రిటన్ దారి మనకు సరిపడదనే అనుకుంటాను. సిరిసిల్లకు తన పేరుతో ఒక చిరునామా ఉండటం, కొట్లాడి తెచ్చుకున్న జిల్లా కాబట్టి, మామూలు విషయం కాదు. కానీ బ్రిటన్ దగ్గర నేర్చుకోవాల్సింది వేరే ఉంది: సైట్లను కలిపేముందు వాళ్లు రాసేవాళ్లను పెట్టుకున్నారు. కంటెంట్ డిజైనర్ అనే ఉద్యోగమే పుట్టించారు. నియమాన్ని మామూలు మనిషికి అర్థమయ్యేలా తిరగరాయడమే వాళ్ల పని.

ఒకేచోట పెట్టడంలో ప్రమాదం లేదా అంటే, ఉంది. 2018 ఏప్రిల్ 6న మన రక్షణ శాఖ సైటు తెరిస్తే చైనా అక్షరం ఒకటి కనిపించింది. హ్యాకింగ్ అని దేశమంతా గగ్గోలు. హోం, న్యాయ శాఖలతో సహా దాదాపు పది సైట్లు అదే రోజు పడిపోయాయి. తర్వాత అధికారులు చెప్పింది హార్డ్‌వేర్ లోపమని. ఆ అక్షరం డ్రూపల్‌లోని జెన్ అనే థీమ్‌కు గుర్తు. పైన ఉండాల్సిన విషయం రాక కింది అచ్చు బయటపడిందన్నమాట. దాడి కాకపోయినా, ఆధారం ఒక్కటైతే పడిపోవడమూ మూకుమ్మడిగానే ఉంటుందని ఆ రోజు తెలిసింది. దీనికి ఎదురు ఉదాహరణ 2014 అక్టోబరుది. డ్రూపల్‌లో పెద్ద లొసుగు బయటపడింది. ప్రకటన వచ్చిన ఏడు గంటల్లోగా ప్యాచ్ వేయని సైటు చేజారినట్టే భావించాలని ఆ సాఫ్ట్‌వేర్ భద్రతా బృందమే చెప్పింది. ఏడు గంటల్లో ముప్పై మూడు జిల్లాల్లో ముప్పై మూడు ఏజెన్సీలకు ఫోన్ చేసి లేపడం మనవల్ల అయ్యే పనేనా? కాబట్టి ప్రభుత్వ సైట్ల వరకు ఉమ్మడి వేదికకే నా ఓటు. కరెంటు పోతే అందరికీ పోతుందన్న భయం కంటే, తాళం వేయని తలుపులు ముప్పై మూడున్నాయన్న భయం పెద్దది.

ప్రైవేటులో లెక్క తారుమారవుతుంది. ఈ పట్టణాల్లో బడులు, ఆసుపత్రులు, వస్త్ర దుకాణాలు, ఫంక్షన్ హాళ్లకు సైట్లు చేసిపెట్టే కుర్రాళ్లు ఉన్నారు. పదిహేను ఇరవై సైట్లు చేతికి వచ్చాక మల్టీసైట్ మీద మనసు పోవడం సహజం. అప్‌డేట్ ఒకసారే, బ్యాకప్ ఒకసారే, హోస్టింగ్ బిల్లు ఒకటే. మొదటి ఏడాది హాయిగానే ఉంటుంది. ఒక బడి యాజమాన్యం మారి ‘మా సైటు మాకిచ్చేయండి’ అన్నప్పుడు తెలుస్తుంది దాని మర్మం. పట్టికలు విడదీయాలి, ఫొటోలు వేరు చేయాలి, ఉమ్మడి లాగిన్ల పట్టికలోంచి ఆ బడివాళ్లను మాత్రమే ఏరాలి. ఇంకొకరికి ఫీజు కట్టే ప్లగిన్ కావాలంటే అది అందరి కప్పు మీదా కూర్చుంటుంది, చెడితే అందరికీ చెడుతుంది. నా మాటడిగితే, యజమాని ఒక్కరే అయితే, అంటే ఒకే విద్యాసంస్థకు జగిత్యాలలో, కోరుట్లలో, సిరిసిల్లలో శాఖలుంటే, మల్టీసైట్ బంగారం. యజమానులు వేరైతే విడివిడిగా పెట్టి, అన్నిటినీ ఒక తెర మీద చూసుకునే పనిముట్టు వాడుకోవడం మేలు. డొమైన్ మాత్రం యజమాని పేరు మీదే ఉండాలి. ఈ ఒక్క జాగ్రత్త తీసుకోక ఎన్ని తగవులో!

కేంద్రం ఇప్పుడు విషయాన్ని ఉమ్మడి చేసే వైపు కదిలింది. 2025 ఫిబ్రవరి 18న డిజిటల్ బ్రాండ్ ఐడెంటిటీ మాన్యువల్ విడుదల చేశారు. దాంతోపాటు సెంట్రల్ కంటెంట్ పబ్లిషింగ్ సిస్టమ్ ఒకటి తెచ్చారు. ఒకచోట పెట్టిన ప్రకటన అన్ని మంత్రిత్వ శాఖల సైట్లలో కనిపించేలా చేయడం దాని ఉద్దేశం. ఆలోచన సరైనదే. ఒక్క అనుమానం ఉంది: పైనుంచి కిందికి పంపే గొట్టం దొరికితే మొదట అందులోంచి వచ్చేవి బ్యానర్లు, నాయకుల ఫొటోలే. సిరిసిల్ల మరమగ్గాల కార్మికుడికి కావలసిన పథకం వివరం ఆ గొట్టంలోంచి రావాలంటే దాన్ని రాసే మనిషి ఆ చివర ఉండాలి.

జిల్లాలో ఇప్పుడున్నవారిని చూడండి. జిల్లా ఇన్ఫర్మాటిక్స్ అధికారి సాఫ్ట్‌వేర్ మనిషి, వీడియో కాన్ఫరెన్సు నుంచి ఎన్నికల డేటా దాకా ఆయన నెత్తినే. పౌర సంబంధాల అధికారి పత్రికా ప్రకటన మనిషి, ఆయన గడువు సాయంత్రం పేపర్లకు పంపేదాకా. సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో జనం మళ్లీ మళ్లీ ఏం అడుగుతున్నారో చూసి, వాటికి జవాబును నాలుగు వాక్యాల తెలుగులో రాసి సైటులో పెట్టే ఉద్యోగం మంజూరైన పోస్టుల్లో లేదు. జిల్లాకొకరు కూడా అక్కర్లేదు. ఉమ్మడి వేదిక ఉంది కాబట్టి హైదరాబాదులో ఐదుగురు మంచి తెలుగు రాసేవాళ్లు కూర్చుంటే ముప్పై మూడు జిల్లాలకూ సరిపోతారు. వాళ్లు మొదట ఆ గల్ఫ్ సాయం పేజీ రాయొచ్చు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కరీంనగర్ కలెక్టరేట్లు గది నంబరు, ఫోను నంబరు నింపి పంపడానికి ఒక పూట చాలు.